బాలింత దూప

నీళ్ళ సీసా గది మధ్యలో నిలబెట్టి ఉంది.

చంద్రమ్మే దాన్ని కోడలి పరుపు కింద నుంచి లాగి, అందరికీ కనపడేట్టు నేల మీద పెట్టింది. సగం తాగేసిన ప్లాస్టిక్ సీసా. దొంగసొమ్ము బయటపడ్డ ఇల్లు కూడా అంత మౌనంగా ఉండదు. మంచం మీద రోహిణి మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గోడవైపు తిరిగి ఉంది. పక్కనే చీరగుడ్డలో చుట్టిన పసిపిల్ల నిద్రపోతోంది. గడప అవతల సాయిచంద్ ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. బాలింత గదిలోకి మగవాడు రాకూడదు, ఎంత మొగుడైనా సరే.

"ఎవలిచ్చిన్రు నీకిది?" అంది చంద్రమ్మ.



"నిన్నే అడుగుతున్న. పొద్దుగాల ఒక గిలాస, మాపటికి ఒక గిలాస ఓమనీళ్ళు కాచి నా చేత్తోని పోస్తున్న. పచ్చి ఒళ్ళు. ఆ ఒంట్లకు పచ్చినీళ్ళు పంపిన పుణ్యాత్మురాలు ఎవలని అడుగుతున్న."

"రూబీ. నేనే తెమ్మన్న, అత్తమ్మా."

"విన్నవారా?" చంద్రమ్మ కొడుకు వైపు తిరిగింది. "మొన్నటి సంది నడుంల నొప్పి, నడుంల నొప్పి అని ఇల్లు పీకి పందిరేస్తున్నది. నొప్పి యాడికెల్లి వచ్చిందో ఇప్పుడు సమజైందా?"

"నొప్పి ముందుగాల వచ్చింది. సీసా తర్వాత వచ్చింది," అంది రోహిణి, గోడతోనే.

"నోరు మాత్రం మంచిగనే ఉన్నది."

సాయిచంద్ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో అతనికి మంచి సాధన ఉంది.

తెల్లవారితే ఇరవై ఒకటో రోజు. పిల్లను తొట్టెలో వేసి పేరు పెట్టాలి. రోహిణి తలంటు పోసుకుని బావికి పసుపు కుంకుమ పెట్టి, మొదటిసారి చేద వేసి నీళ్ళు తోడాలి. అప్పటిదాకా బాలింతకు నీళ్ళు కొలతే. నీళ్ళు ఎక్కువ తాగితే ఒళ్ళు ఉబ్బుతుంది, పిల్లకు జలుబు చేస్తుంది, చివరికి సన్నిపాతం కమ్ముతుంది. కొత్తగూడలో ఈ మాట తెలియని ఆడది లేదు. అయితే వాళ్ళ పెరటి బావి ఎండిపోయి చాలా కాలమైంది. చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్ల బోర్లు దాని నీళ్ళు ముందే తాగేశాయి. అయినా ఆచారం ఆచారమే. బోరింగు దగ్గర బిందె నింపి తెచ్చి, ఆ నీళ్ళే బావిలో పోసి తోడినట్టు చేయాలని చంద్రమ్మ ఏర్పాటు చేసింది. అందుకని కొత్త రాగిచెంబు కూడా కొంది. గంగమ్మ ఆ మాత్రం సర్దుకుంటుందని ఆమె నమ్మకం. సర్దుకోవాల్సింది కోడలు ఒక్కతే.

చంద్రమ్మ చెడ్డది కాదు. తల్లి లేని పిల్ల అని రోహిణికి పురుడు తన ఇంట్లోనే పోసింది. నడుముకు గుడ్డ కట్టింది, కాయం మందు దంచి మింగించింది, పిల్లకు నూనె రాసి కాళ్ళ మీద వేసుకుని స్నానం పోసింది. అన్నీ పెట్టింది. నీళ్ళు తప్ప.

నొప్పి మళ్ళీ లేచింది.

కుడివైపు, పక్కటెముకల కింద, వీపులో పుట్టింది. పక్క మీదుగా ముందుకు తిరిగి గజ్జల్లోకి దిగింది. రోహిణి మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. కూర్చోలేక మోకాళ్ళ మీద నిలబడింది. అలా కూడా ఉండలేక తల పరుపులో దూర్చింది. గొంతులోంచి వచ్చిన చప్పుడుకు పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది.

"రోహిణీ," అన్నాడు సాయిచంద్, తలుపు చట్రం మీద చెయ్యి వేసి.

"లోపలికి రాకు," అంది తల్లి.

అతను రాలేదు.

నొప్పి దానంతట అదే సడలింది. రోహిణి మొహం నిండా చెమట. తలగడ కింద చెయ్యి పెట్టి ఒక చిన్న గాజు సీసా తీసింది. పసిపిల్లకు పట్టే గ్రైప్‌వాటర్ అయిపోయిన సీసా. అందులో ఇప్పుడు వేరేది ఉంది, పలచటి కాఫీ డికాషన్ రంగులో.

"ఇది చూడున్రి," అంది మొగుడితో. "తెల్లారి పట్టిన. మూత్రంల నెత్తురు పోతున్నది."

సాయిచంద్ ఆ సీసా వైపు చూసి, చప్పున తల తిప్పుకున్నాడు. "నాకెందుకు చూపెడ్తవు అవన్నీ. అమ్మకు చూపెట్టు."

"అమ్మకు చూపెట్టిన. మైల అన్నది."

"మైల కాకపోతే ఏంది మరి?" అంది చంద్రమ్మ. "బాలింతకు మైల పోతనే ఉంటది. అందరం కన్నోళ్ళమే."

"అది నిలిచి వారమైందత్తమ్మా. నా ఒళ్ళు నాకెరుక లేదా? ఇది రాయి. కిడ్నీల రాయి. దిగుతున్నది, దిగలేక తొవ్వల పట్టుకున్నది. నేను చెప్తున్న గద."

"నువ్వు డాక్టరువా?"

"డాక్టర్లు చెప్పిందే రెండేండ్లు టైపు చేసిన."

"పెండ్లిపత్రికలు అచ్చుకొట్టెటోనికి గన్ని పెండ్లిళ్ళయినట్టా?"

సాయిచంద్‌కు నవ్వు రాబోయింది. అది రోహిణి చూసింది. ఆ చూపు తన మీద పడ్డాక అతను రెండో చెప్పు కూడా వేసుకున్నాడు.

"చౌరస్తా డాక్టరు సూది ఇచ్చిండు గద, గ్యాస్ అని," అన్నాడు. "జర ఓర్సుకో. ఇయ్యాల నాకు పోక తప్పదు. పెద్దమనిషి వస్తుండు మా కొత్త బిల్డింగు చూసెతందుకు. అన్ని అంతస్తుల్ల లైట్లు పడాలె. ఒక్కటి పడకున్నా నా పని ఖతం."

"నన్ను దవాఖానల దించి పోన్రి. గంతే అడుగుతున్న."

"సాయంత్రం చూద్దాం."

"సాయంత్రానికి నేను..." అని రోహిణి ఆగింది. ఆ వాక్యం ఎలా పూర్తి చేయాలో ఆమెకు తెలుసు, అందుకే పూర్తి చేయలేదు.

"రేపు ఇంటి నిండ సుట్టాలు," అంది చంద్రమ్మ. "మీ నాయిన పొద్దుగాలనే ఖాజాగూడ పోయిండు, అందర్కి చెప్పొస్తనని. పచ్చి బాలింతను ఆటోల కూసోపెట్టి, గాలికి ధూళికి తిప్పి, దవాఖానల చల్లటి అర్రల పండపెడ్తే ఏమైతదో నాకెరుక. పచ్చినీళ్ళు తాగిన బాలింత ఎట్ల పోతదో నేను చూసిన. నా కండ్లతోని చూసిన. నా ఇంట్ల మల్ల చూడ."

ఆ చివరి మాటను ఎవరూ పట్టించుకోలేదు. సాయిచంద్ మోటార్‌సైకిల్ చప్పుడు సందు చివరిదాకా వినపడి ఆగిపోయింది.

*

మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం కంటే ముందు వణుకు వచ్చింది. పళ్ళు టకటక కొట్టుకునే వణుకు.

చంద్రమ్మకు ఇక సాక్ష్యం అక్కరలేదు. కిటికీ తలుపులు మూసింది. మంచం కింద కుంపటి పెట్టి సాంబ్రాణి వేసింది. రెండు దుప్పట్లు కప్పింది. నీళ్ళ సీసా తీసుకుపోయి వంటింట్లో పైఅరలో పెట్టి, మాపటి ఓమనీళ్ళు కూడా ఇవ్వకూడదనుకుంది. సన్నిపాతానికి విరుగుడు ఎండగట్టడమేనని ఆమె చిన్నప్పటి నుంచి విన్నది. ఈ ఇంట్లో మనిషిని బతికించడానికి ఎవరికి తోచింది వాళ్ళు మనసారా చేస్తున్నారు. అదే అన్నిటికంటే భయం.

రూబీ ఆ పొగలోకి వచ్చింది.

రూబీ రోహిణి ఆఫీసులో పక్క సీటు. ఊరు గుంటూరు. మాదాపూర్‌లో వాళ్ళిద్దరిదీ ఒకటే పని. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి, చూసిందంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఇక్కడ వీళ్ళు చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింది పెడల్ నొక్కుతూ, ఆపుతూ, ఆ మాటలన్నీ టైపు చేస్తారు. రోజంతా అదే పని కాబట్టి విసుగు పోవడానికి ఇద్దరూ ఒక ఆట కనిపెట్టారు. డాక్టరు జబ్బు పేరు చెప్పేలోపే తాము చెప్పేయాలి. ఓడినవాళ్ళు సమోసా కొనాలి. రాయి కేసుల్లో రోహిణి ఎప్పుడూ ఓడలేదు.

"పాపేదండీ?" అంటూ లోపలికి వచ్చిన రూబీ, మంచం దగ్గర ఆగిపోయింది. "ఏంటే ఇలా అయిపోయావు?"

"రూబీ, ఆట ఆడుదాం," అంది రోహిణి.

"ఇప్పుడా?"

"ఆడు. ఆడమనిషి. కాన్పయి మూడు వారాలు. కుడిపక్క వీపుల నొప్పి, గజ్జల్లకు దిగుతది. వస్తది, పోతది, మల్ల వస్తది. పండుకుంటే ఆగదు, నిలబడితే ఆగదు. వాంతులు. మూత్రం ఊకె వచ్చినట్టే ఉంటది, పోతే రెండు చుక్కలు. మంట. దాంట్ల నెత్తురు."

రూబీ మంచం అంచున కూర్చుంది. "రాయి," అంది నెమ్మదిగా.

"నెత్తురు సంగతి చెప్పిన గని, మూత్రం రాకపోవుడు, మంట ఇంట్ల ఎవలకు చెప్పలే, సిగ్గయ్యి. ఇంకొక మాట ఉన్నది. పొద్దటి సంది చలి, జ్వరం."

రూబీ ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది, తీసేసింది. ఇద్దరికీ తెలుసు.  ఉత్త రాయి కేసుల్లో డాక్టర్లు తాపీగా చెబుతారు, మధ్యలో కాఫీ చప్పరించిన చప్పుడు కూడా వినిపిస్తుంది. నీళ్ళు బాగా తాగమన్నాం, మందు రాసిచ్చాం, ఇంటికి పంపాం అంటారు. రాయి అడ్డం పడి, దాని వెనక చీము పట్టి, జ్వరం వచ్చిన కేసుల్లో అదే డాక్టర్ల గొంతు పరుగెత్తేది. అప్పుడు పెడల్ పదే పదే ఆపాల్సి వచ్చేది. అలాంటివి కొన్నిటికి చివర్లో, ఇంటికి పంపామన్న మాట ఉండేది కాదు.

"ఎప్పుడు వెళ్దాం?" అంది రూబీ.

"ఎవలు పంపుతరు?"

రూబీ లేచి ముందు కిటికీ తెరిచింది. చంద్రమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ముయ్యి ఆ కిటికి."

"ఆంటీ, రోహిణిని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలండి. ఇప్పుడే."

"నీళ్ళు దొంగతనంగ తెచ్చిచ్చింది నువ్వే గదా? తెచ్చిచ్చి, మల్ల చూడనీకి వచ్చినవా ఇంకా బతికే ఉన్నదని?"

రూబీ మొహం ఎర్రబడింది. "అంత మాట అనకండి ఆంటీ. తను పాలిచ్చే మనిషి. మనం రోజుకి తాగినన్ని నీళ్ళు కూడా తనకి లేవు. లోపల రాయి పడింది, అది అడ్డం పడి విషం ఎక్కుతోంది. ఇది నీళ్ళు తాగినందుకు వచ్చింది కాదండి, తాగనందుకు వచ్చింది."

"మీ ఆపీసుల చెప్పిన్రా?"

"ఆఫీసులోనే చెప్పారండి."

"మా అమ్మ, మా అమ్మమ్మ, వాళ్ళ అమ్మమ్మ, అందరు గిట్లనే కన్నరు, గిట్లనే లేచిన్రు. వాళ్ళందరికి తెల్వంది నీ చెవుల పెట్టుకునే తీగకు తెలిసిందా?"

"అందరూ లేచారా ఆంటీ?"

రూబీ ఆ మాట కోపంలో అంది. అనేటప్పుడు దాని బరువు ఆమెకు తెలియదు.  చంద్రమ్మ కుంపటి వైపు చూసింది.

"బయటికి నడువు," అంది చివరికి, మెల్లగా.

రూబీ గుమ్మం దాటింది. వెళ్ళిపోతోందేమోనని రోహిణి దుప్పట్లోంచి చెయ్యి చాచింది.

"ఆటో తీసుకొస్తా," అంది రూబీ, వెనక్కి తిరిగి. "మీరు తలుపేసుకుంటే నేను సందులో నిలబడి అరుస్తానండి ఆంటీ. నాకు సిగ్గు లేదు."

*

చంద్రమ్మ వీధితలుపు వేసింది. గడియ కూడా పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి కాయం ఉండ చేసి, నెయ్యి రాసి, అరచేతిలో పెట్టుకుని తిరిగి వచ్చింది.

గది గుమ్మంలో ఆగిపోయింది.

రోహిణి మంచం మీద లేదు. తలుపు చట్రం దగ్గర నేల మీద కూర్చుని, చెక్క అంచుకు కుడి నడుము ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి ఒత్తుకుంటోంది. కళ్ళు మూసుకుంది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. జుట్టు మొహానికి అంటుకుంది.

చంద్రమ్మ చేతిలో కాయం అలాగే ఉంది.

"ఎంతసేపటి సంది గిట్ల ఒత్తుకుంటున్నవు?"

"ఒత్తుకుంటే జర నయమనిపిస్తది."

"నెప్పి నెమ్మదిచ్చినంక, ఒంటికి పోతనని లేస్తవా? లేచి పోతే చుక్క రాదు. కాలినట్టైతది. మల్ల వచ్చి పండుకుంటే మల్ల వస్తున్నట్టే ఉంటది."

రోహిణి కళ్ళు తెరిచింది. ఆ సంగతి ఆమె రూబీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పినప్పుడు అత్త వంటింట్లో రోలు దగ్గర ఉంది.

"మీకెట్ల ఎరుక అత్తమ్మా?"

చంద్రమ్మ గడప మీద కూర్చుంది. కూర్చున్నాననే ధ్యాస ఆమెకు ఉన్నట్టు లేదు.

"మా అక్క," అంది. "సక్కుబాయి. నానక్‌రామ్‌గూడల, మా అమ్మగారింట్ల కన్నది. గిట్లనే తలుపుకు నడుం పెట్టి ఒత్తుకునేది. మేం పండపెడ్తుంటిమి, అది లేస్తుండె. దయ్యం పట్టిందన్నరు. యాపమండలు కొట్టిన్రు."

 ఇంత కాలంలో అత్త ఈ పేరు ఎత్తడం ఇదే మొదలు.

"దూప, దూప అని మొత్తుకునేది. ఎవలూ నీళ్ళు పొయ్యలే. అందరు పొలానికి పోయినప్పుడు నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. చిన్నపిల్లను నేను. చూడలేకపోయిన. చెంబెడు నీళ్ళు తెచ్చి తాపిన. ఒక్క గుక్కల తాగింది. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది."

ఆమె అరచేతిలో నెయ్యి కరిగి మణికట్టు మీదికి జారుతోంది.

"తెల్లారి చలిజ్వరం. మాపటికి అడుగుడు బందు పెట్టింది. దూప లేదు చంద్రీ అన్నది. నయమైతున్నదనే అనుకున్న నేను. మల్ల పొద్దు చూడలే. చంద్రి నీళ్ళు పోసి అక్కను చంపిందన్నరు. మా అమ్మ సచ్చేదాక నా చేతి నీళ్ళు ముట్టలే."

బయట ఎవరో తలుపు తట్టారు. ఇద్దరూ కదలలేదు.

"నేను పోసిన నీళ్ళు..." అంది చంద్రమ్మ. "నిజం చెప్పు బిడ్డా. ఆ నీళ్ళు కాదా దాన్ని చంపింది?"

"కాదత్తమ్మా." రోహిణికి మాట కూడగట్టుకోవడం కష్టంగా ఉంది. "నాకున్నదే ఆమెకుండె. ఆ ఇంట్ల ఆమెకు అక్కరకొచ్చిన పని చేసింది మీరొక్కరే."

చంద్రమ్మ ఏడుస్తుందనుకుంది రోహిణి. ఆమె ఏడవలేదు. ఇన్నేళ్ళ నేరం ఒక్క మాటతో దిగిపోయిన మనిషి తేలికపడాలి. కానీ ఆమె కోడలి పగిలిన పెదాల వైపు చూసింది, మూసిన కిటికీ వైపు చూసింది, మంచం కింది కుంపటి వైపు చూసింది. పాత నేరం దిగిన చోటే కొత్తది కూర్చుంది. అది ఆమె మొహంలో స్పష్టంగా కనపడింది.

"నేను ఎండపెట్టిన నిన్ను," అంది. "నా చేత్తోని."

"అత్తమ్మా, ఇప్పుడు వద్దు. దవాఖానకు పోదాం. ఇగ నీళ్ళతోని కూడ అయ్యేది కాదు."

చంద్రమ్మ లేచింది. కాయం ఉండను కుంపట్లో పడేసి, గడియ తీసింది. గుమ్మంలో రూబీ, ఆమె వెనక సందులో ఆటో. రూబీ నోరు తెరవకముందే చంద్రమ్మ అంది: "పిల్లను నువ్వు పట్టుకో. దీన్ని నేను పట్టుకుంట."

బయలుదేరే ముందు ఆమె ఒక్కసారి లోపలికి పరుగెత్తింది. రేపటి బావి పూజకు పసుపు రాసి పెట్టిన రాగిచెంబు తీసుకుని, వంటింట్లో కుండలోంచి అంచు దాకా నీళ్ళు ముంచింది.

*

కొత్తగూడ దాటి కొత్త బిల్డింగు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద అడ్డంగా తాడు కట్టి ఉంది.

అటూ ఇటూ స్కూటర్లు, లారీలు, ఒక పెళ్ళివ్యాను. పోలీసులు వరుసగా నిలబడ్డారు. ఎదురుగా ఆ గుండ్రటి బిల్డింగు. పట్టపగలు ఎండలో దాని అన్ని అంతస్తుల్లో లైట్లు వెలుగుతున్నాయి. ఒక్కటి కూడా ఆరిపోలేదు. సాయిచంద్ పని గెలిచింది.

"పెద్దసారు వస్తున్నడంట," అన్నాడు ఆటో డ్రైవర్, ఇంజను ఆపి. "పోయేదాక ఇడువరు."

రూబీ పసిపిల్లను ఎత్తుకునే దిగి, తాడు దగ్గరున్న కానిస్టేబుల్ దగ్గరికి వెళ్ళింది. అతను వచ్చి ఆటోలోకి తొంగి చూశాడు. రోహిణి మొహం చూసి టోపీ సర్దుకున్నాడు. మంచివాడే.

"నా చేతుల్లేదమ్మా. తాడు ఇప్పితే నా నౌకరి పోతది. జర సేపట్ల అయిపోతది."

"జర సేపంటే ఎంత?" అంది చంద్రమ్మ.

"మాకు మాత్రం ఎరుకనా?"

"నా కొడుకు ఆ లోపలనే ఉన్నడు. ఆ లైట్లన్నీ వాడు పెట్టినయే. జర వాన్ని పిలువు నాయనా."

కానిస్టేబుల్ బిల్డింగు వైపు చూసి, తన చోటికి వెళ్ళిపోయాడు.

డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "ఖాజాగూడ దిక్కు మలుపుకోవచ్చు. చుట్టు తిరుగుడు. గుట్టల బాట, అన్ని బొందలే. పేషెంటు ఆగుతదా అని. ఈడ ఆగుదమా, మలుపుదమా? మీరే చెప్పాలె."

 ఆగితే తాడు ఈ నిమిషమే విప్పుతారేమో. వెళితే దారిలో ఏమవుతుందో. రూబీ, చంద్రమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇందాక ఒకరినొకరు తిట్టుకున్న ఇద్దరికీ ఇప్పుడు ఒకటే భయం.

రోహిణి తల అత్త భుజం మీద ఉంది. వణుకు ఆగిపోయింది. మూలుగు కూడా ఆగింది. రూబీ ఒళ్ళో పిల్ల ఆకలికి ఏడుస్తున్నా తల ఎత్తలేదు. చూసేవాళ్ళకు, నొప్పి తగ్గి కాస్త కునుకు పట్టిందేమో అనిపిస్తుంది.

చంద్రమ్మ చెంబు మీద మూతగా పెట్టిన చెయ్యి తీసింది. దారిలో సగం ఒలికి ఆమె చీర తడిసిపోయింది. మిగిలింది జాగ్రత్తగా కోడలి నోటి దగ్గర పెట్టింది. బావికి మొక్కలేదు, చేద వేయలేదు, తలంటు పోయలేదు. ఇరవై రోజులుగా ఈ పిల్ల ఏ నీళ్ళ కోసం తన కాళ్ళావేళ్ళా పడిందో, ఆ నీళ్ళు.

"తాగు బిడ్డా. నేనే పోస్తున్న. కడుపు నిండ తాగు."

రోహిణి కళ్ళు సగం తెరిచింది. చెంబును చూసింది. అది ఏమిటో గుర్తుపట్టినట్టు చిన్నగా నవ్వింది కూడా. తర్వాత మొహం పక్కకు తిప్పుకుంది.

"వద్దత్తమ్మా," అంది. "దూప లేదు."

చంద్రమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

"మలుపు," అంది డ్రైవర్‌తో. అతనికి వినపడలేదేమోనని, ఆటో పైకప్పు అదిరేట్టు అరచేత్తో కొట్టింది. "ఆటో మలుపు. దీనికి దూప లేదంటున్నది."